వేపుడు మానాలా, మూకుడు మార్చాలా, ముద్ద తగ్గించాలా? బరువు తగ్గేవాళ్ల వంటింటికి ఒక పోలిక

ఒక ఆదివారం సాయంత్రం బజ్జీలు వేసే ముందు నూనె పోసిన మూకుడుని త్రాసు మీద పెట్టి బరువు రాసుకున్నాను. వేయడం అయిపోయి, నూనె పూర్తిగా చల్లారాక మళ్లీ పెట్టాను. 84 గ్రాములు తగ్గింది. వేసినవి పద్నాలుగు మిరపకాయ బజ్జీలు. ఒక్కోటీ ఆరు గ్రాముల నూనె తాగిందన్నమాట. గ్రాము నూనెకి 9 కేలరీలు. నాలుగు బజ్జీలు తింటే శనగపిండి సంగతి పక్కన పెట్టినా ఒక్క నూనెదే 216.

అప్పటిదాకా నాకు తెలిసినవి రెండే మాటలు: తినడం, మానడం. ఆ అంకె చూశాక ఇంట్లో వండుకునే ప్రతిదాన్నీ ఇలాగే తూచి చూడాలనిపించింది. పద్నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గాను. మొదటి ఆరు వారాలు పక్కన పెడితే పప్పులో నెయ్యి మానలేదు, ఆవకాయ మానలేదు, పెరుగన్నం మానలేదు. ఈ పద్నాలుగు నెలల్లో ఏ వంటకానికి ఏ మార్పు నప్పిందో, ఏది చెడగొట్టిందో రాస్తున్నాను. మనసుకి హాయినిచ్చే తిండి వదులుకోకుండా బరువు తగ్గాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

ముందున్నవి మూడు దారులు

మొదటిది సరుకు మార్చడం. చిక్కటి పాల పెరుగు బదులు టోన్డ్ పాల పెరుగు, బియ్యం బదులు కొర్రలు. రెండోది పద్ధతి మార్చడం. అదే పిండి, అదే కూరగాయ, మూకుడు బదులు పెనమో, వేడిగాలితో వేయించే ఎయిర్ ఫ్రయరో. మూడోది వంటకం జోలికి వెళ్లకుండా కంచంలో పడేది తగ్గించడం.

చాలామంది మొదటి దారిలోనే పోతారు. నేనూ మొదటి ఆరు వారాలు అలాగే చేశాను. ఓట్స్ ఉప్మా, కాలీఫ్లవర్ పులిహోర, నెయ్యి లేని పప్పు, చక్కెర లేని పాయసం. అన్నీ తిన్నాను, ఏదీ తిన్నట్టు లేదు. రాత్రి పదింటికి జంతికల డబ్బా మూత తీసేదాన్ని. అప్పుడర్థమైంది, తృప్తినివ్వని ముద్ద ఎంత తేలికైనా దాని వెనకాల ఇంకో తిండి వస్తుందని.

ఇప్పుడు ఏ వంటకమైనా రెండు ప్రశ్నలు వేసుకుని తేల్చుకుంటున్నాను. ఇది వారానికి ఎన్నిసార్లు తింటాను? దీని రుచి దేంట్లో ఉంది? రోజూ తినేదాంట్లో నాలుకకి తెలియని సరుకు మార్పు చేస్తాను, చిన్నదైనా ముప్పై రోజులు పోగవుతుంది కాబట్టి. వారానికోసారి తినేదానికి పద్ధతి మారుస్తాను. ఎప్పుడో పండక్కో చుట్టాలొస్తేనో చేసేదాన్ని అసలు మార్చను, ఎంత తినాలో చూసుకుంటాను.

తూకానికి కొన్ని అంకెలు గుర్తుంటే చాలు. పెద్ద చెంచా నూనె దాదాపు 120 కేలరీలు, చిన్న చెంచా 40 నుంచి 45. నెయ్యీ అంతే. ఏ గింజ నూనె అయినా అంతే, గానుగలో ఆడించినా రిఫైన్డ్ అయినా. వంద గ్రాముల బియ్యం 350, కందిపప్పు 340, వేరుశనగపప్పు 560 పైన, పచ్చికొబ్బరి 350. కోడిగుడ్డు ఒకటి 70. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల భోజనానికి రోజు మొత్తం మీద నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు అన్నారు. రెండు పెద్ద చెంచాలు. నా పద్నాలుగు బజ్జీలు ముగ్గురు మనుషుల ఒకరోజు వాటా తాగేశాయి.

ఈ లెక్కని ఇంటికి అన్వయించుకోవడం తేలిక. నలుగురున్న ఇంట్లో, మనిషికి 27 గ్రాముల చొప్పున నెలకి మూడున్నర లీటర్లు. నెయ్యితో కలిపి. కిరాణా చీటీలో నూనె ప్యాకెట్లు ఎన్ని రాస్తున్నారో ఒక్కసారి చూడండి. మా ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా, పైన అర కిలో నెయ్యి అయ్యేది. ఎక్కడ తగ్గించాలో నాకు చెప్పింది ఆ చీటీయే.

అన్నమా, కొర్రలా, రొట్టా

అందరూ ముందు అడిగేది ఇదే కాబట్టి ముందే చెప్తాను. కొర్రలు, సామలు, జొన్నలు, రాగులు ఇవన్నీ వంద గ్రాములకి 320 నుంచి 350 కేలరీల మధ్యే ఉంటాయి. దంపుడు బియ్యం కూడా మామూలు బియ్యంతో దాదాపు సమానం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర్నుంచీ కొర్రన్నం తింటే బరువు తగ్గుతుందన్న మాట ఇంటింటా పాకింది. కేలరీల వరకు అది నిజం కాదు. వాటిలో ఉన్నది పీచు. అందుకే తక్కువతో కడుపు నిండినట్టుంటుంది, ఎక్కువసేపు ఆకలి వేయదు. ఆ తేడా మీరు వడ్డించుకునే కొలతలో కనిపిస్తేనే బరువులో కనిపిస్తుంది. కంచం నిండా అన్నం బదులు కంచం నిండా కొర్రన్నం పెట్టుకుంటే ఏమీ మారదు.

నా అనుభవంలో వీటన్నిటికన్నా బాగా పనిచేసింది రాత్రిపూట జొన్నరొట్టె. వేడినీళ్లతో పిండి కలిపి, చేత్తో తట్టి, పెనం మీద కాల్చి, పైన తడిగుడ్డతో అద్దితే చుక్క నూనె అక్కర్లేదు. పైగా నమిలి తినాలి. అన్నం నాలుగు నిమిషాల్లో లోపలికి పోతుంది, రెండు రొట్టెలు తినడానికి పావుగంట పడుతుంది. పక్కన వంకాయ కూరో పప్పో. అలవాటు లేనివాళ్లకి మొదట్లో రొట్టె విరిగిపోతుంది. నీళ్లు బాగా మరిగాక పిండిలో పోసి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేసి తర్వాత మదిస్తే ఆ బాధ పోతుంది.

కాలీఫ్లవర్ తురుము సంగతి. వంద గ్రాములకి 25 కేలరీలే, నిజమే. కానీ పప్పుతో కలిపితే నీళ్లోడుతుంది, పెరుగులో వాసన కొడుతుంది. పులుపు, పోపు గట్టిగా ఉన్న వంటకాల్లోనే, అదీ సగానికి సగం కలిపితేనే అన్నంలా ఉంటుంది. నిమ్మకాయ పులిహోరలో, ఎగ్ ఫ్రైడ్ రైస్‌లో బావుంది. మిగతా చోట్ల అన్నమే వండుకుని తక్కువ తినడం మేలని నా అభిప్రాయం.

అన్నం కొలత గురించి ఒక్క మాట. ఉడికిన అన్నం వంద గ్రాములకి దాదాపు 130 కేలరీలు. నేను మధ్యాహ్నం 150 గ్రాములు పెట్టుకుంటాను. వారం రోజులు త్రాసు వాడితే తర్వాత ఏ గిన్నెకి ఎంతొస్తుందో కంటికే తెలుస్తుంది. షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం సగం చేయకండి, షుగరు మరీ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు చూపించుకున్నాకే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ తగ్గింపుల జోలికి సొంతంగా రాకూడదు.

ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ: ఏమీ మార్చకండి

ఇది మూడో దారి వంటకం. పప్పు, దాని మీద కరిగే నెయ్యి, పక్కన ఎర్రటి ముక్క. వీటిలో ఏది తీసేసినా మిగిలినవి నిలబడవు.

మా అత్తయ్య కుక్కరు మూత తీయగానే గిన్నెలో గరిటెడు నెయ్యి వేసి మెదిపేవారు. నేను ఆ నెయ్యి ఆపుతానంటే, "నెయ్యి లేకపోతే అది పప్పు ఎలా అవుతుందమ్మా, పథ్యం అవుతుంది" అన్నారు. "వేస్తానత్తయ్యా, గిన్నెలో కాకుండా కంచంలో వేస్తాను" అన్నాను. తేడా ఇక్కడే ఉంది. గిన్నెలో కలిసిపోయిన నెయ్యి వాసన రాదు, ఎంత పడిందో తెలియదు. వేడి పప్పన్నం మీద చిన్న చెంచాడు వేసుకుంటే ముద్ద నోటి దగ్గరికి రాకముందే వాసన వస్తుంది. అదే రుచి, 45 కేలరీలు. రెండు రోజుల తర్వాత అత్తయ్య కూడా కంచంలోనే వేసుకోవడం మొదలుపెట్టారు.

ఈ కిటుకు పప్పు దగ్గరే ఆగదు. ఉప్మా, పొంగలి, కిచిడీ అన్నిటికీ కొవ్వు చివర్లో, పైన పడాలి. ఉడికేటప్పుడు వేసిన మూడు చెంచాల కన్నా దించాక వేసిన ఒక చెంచా ఎక్కువ తెలుస్తుంది.

ఆవకాయలో ముక్కా గుజ్జూ తీసుకుని పైన తేలిన నూనె జాడీలోనే వదిలేస్తాను. పచ్చడి బూజు పట్టకుండా కాపాడేది ఆ నూనే కాబట్టి అది అక్కడ ఉండడమే మంచిది. ఊరగాయ బాగా తిన్న మర్నాడు బరువు చూసుకుని దిగులు పడకండి. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఒకటి రెండు రోజుల్లో అది దిగిపోతుంది.

వేపుళ్లు: ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే

వారంలో నాలుగు రోజులు వేపుడు ఉండే ఇల్లు మాది. కాబట్టి నేను ఎక్కువ శ్రమపడిందీ, ఎక్కువ లాభపడిందీ వీటి దగ్గరే. ఒక్కో కూరగాయది ఒక్కో స్వభావం, ఒకే మందు అన్నిటికీ పనిచేయదు.

బెండకాయకి ఎయిర్ ఫ్రయర్ అన్నిటికన్నా మేలు. అందులో తిరిగే పొడి వేడిగాలి జిగురుని ఆరగొట్టేస్తుంది. అర కిలో ముక్కలకి ఒక చిన్న చెంచా నూనె పట్టించి 180 డిగ్రీల మీద పన్నెండు, పదిహేను నిమిషాలు, మధ్యలో ఒకసారి కుదిపితే చాలు. ఉప్పు ముందే వేస్తే నీళ్లొస్తాయి, దించాక వేయండి. మూకుట్లో ఇదే వేపుడికి నేను నాలుగు పెద్ద చెంచాలు పోసేదాన్ని. 480 కేలరీల చోట 45.

బంగాళాదుంపకి ఎయిర్ ఫ్రయరూ పెనమూ రెండూ బావుంటాయి. కానీ ముందు ఒక పని చేయాలి. ముక్కల్ని ఉప్పునీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, వార్చి, గిన్నెలోనే గట్టిగా కుదపాలి. అంచులు గరుకెక్కుతాయి. ఆ గరుకే తర్వాత కరకరలాడుతుంది. ఈ పని చేస్తే ఇనప పెనం మీద రెండు చిన్న చెంచాల నూనెతో, చేయకపోతే ఎన్ని పోసినా మెత్తగానే ఉంటుంది.

దొండకాయ వేగడం ఆలస్యం. ఆ ఆలస్యానికే నూనె ఎక్కువ పోస్తాం. చక్రాలు తరిగి, కొంచెం నీళ్లు చిలకరించి మూతపెట్టి మెత్తబడేదాకా మగ్గనిచ్చి, తర్వాత మూత తీసి చెంచాడు నూనెతో ఎర్రగా చేసుకుంటే సరిపోతుంది. అరటికాయ కూడా ఇంతే. కాకరకాయ మాత్రం నూనె తగ్గిస్తే చేదు తేలుతుంది. దాన్ని పులుసు పెట్టుకోవడమో, నెలకోసారి అసలైన వేపుడు చేసుకోవడమో మంచిది.

వంకాయ గురించి వేరే చెప్పాలి. లోపల స్పాంజిలా గాలి నిండి ఉంటుంది. మూకుట్లో పడీ పడగానే ఉన్న నూనె అంతా పీల్చేసి మళ్లీ అడుగుతుంది. ముక్కల్ని ముందు ఆవిరి మీద నాలుగు నిమిషాలు పెడితే ఆ గాలి గదులు కుంగిపోతాయి, తర్వాత నూనె పీల్చదు. గుత్తివంకాయలో బరువు నూనె ఒక్కటే కాదు, కూరిన పల్లీలు, నువ్వులు, కొబ్బరిది కూడా. అవి తగ్గిస్తే కూర మారిపోతుంది. అందుకని మసాలా అలాగే ఉంచి, కాయల్ని ఆవిరి పట్టి, మనిషికి రెండు కాయలు అనుకుంటాం.

ఎయిర్ ఫ్రయర్ కొనాలా అని అడిగితే, వారానికి మూడు వేపుళ్లు చేసే ఇల్లయితే కొనొచ్చు. కానీ దాని బుట్ట చిన్నది, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే వేగవు, మగ్గుతాయి. ఆరుగురున్న ఇంట్లో రెండు మూడు వాయిలు పడుతుంది. బాగా నూనె తాగి నల్లబడ్డ ఇనప పెనం, బిగుతైన మూత ఉంటే ముప్పాతిక పని దానితోనే అవుతుంది. నేను మొదటి ఐదు నెలలు అలాగే నెట్టుకొచ్చాను.

బజ్జీ, పునుగు, గారె

తడి పిండిలో ముంచి వేసేదేదీ ఎయిర్ ఫ్రయర్‌లో రాదు. కొన్న కొత్తలో శనగపిండిలో ముంచిన మిరపకాయలు బుట్టలో పెట్టాను. పిండంతా రంధ్రాల్లోంచి జారి కింద పళ్లెంలో అట్టులా గట్టిపడింది, మిరపకాయలు బోడిగా మిగిలాయి. కాగిన నూనె నాలుగు వైపులా ఒక్కసారిగా పట్టుకుని పిండిని క్షణంలో గట్టిపరుస్తుంది. గాలికి అంత వేగం లేదు. కాబట్టి బజ్జీకి రెండో దారి మూసుకున్నట్టే. అరటికాయ చక్రాలు, ఉల్లి చక్రాలయితే చిక్కటి పిండిలో ముంచి పెనం మీద రెండు వైపులా కాల్చుకోవచ్చు. రుచిగానే ఉంటాయి, కాకపోతే వాటిని బజ్జీలని పిలవలేం.

మిరపకాయ బజ్జీ కావాల్సినప్పుడు నూనెలోనే వేస్తాం, పదిహేను రోజులకోసారి. నూనె సరిగ్గా కాగాలి, చుక్క పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి. చల్లటి నూనెలో వేసినవి ఎక్కువ తాగుతాయి. ఒకేసారి ఎక్కువ వేసినా నూనె చల్లబడిపోతుంది. వంటసోడా చిటికెడు దాటితే బజ్జీ గుల్లగా వస్తుంది గానీ ఆ గుల్లల్లో నిండేది నూనే. పిండిలో రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే సోడా అవసరం తగ్గుతుంది. పొట్ట కోసి ఉల్లిపాయ, నిమ్మరసం కూరిన బజ్జీలు రెండు తింటే నాకు సరిపోతుంది. ఆ రాత్రికి మజ్జిగ, ఏదైనా పండు.

పునుగులు వేరు. గుంత పొంగనాల పెనంలో మిగిలిన దోసెల పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి, గుంతకి నాలుగు చుక్కల నూనెతో కాలిస్తే పైన కరకర, లోపల మెత్తన. పన్నెండు గుంతలకి రెండు చిన్న చెంచాలు చాలు. మా పిల్లలు ఇప్పుడు నూనె పునుగుల కన్నా వీటినే అడుగుతున్నారు. రాయలసీమ ఇళ్లలో ఇవి ఎప్పటినుంచో ఉన్న టిఫినే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

గారెల దగ్గర నాకు బాగా ఉపయోగపడిన విషయం ఒకటుంది. నానేదానికి కరకర అక్కర్లేదు. ఉత్త గారె తినాలంటే నూనెలోనే వేగాలి, దానికి మరో దారి లేదు. కానీ పెరుగు గారె, సాంబారు గారె, రసంలో వేసిన గారె ఎలాగూ నాని మెత్తబడతాయి. వాటిని పొంగనాల పెనంలో కాల్చి నానబెడితే తేడా చెప్పడం కష్టం. మినప్పిండి గట్టిగా, గాలి పట్టేలా గిలక్కొట్టి, చిన్న మంట మీద మూతపెట్టి కాల్చాలి. మజ్జిగ పులుసులో బోండాలకీ ఇదే పద్ధతి వాడుతున్నాను.

టిఫిన్లలో చూడాల్సింది చట్నీ గిన్నె

ఇడ్లీ మంచిదా, దోసె మంచిదా, పెసరట్టు మంచిదా? ఇంట్లో వేసిన చిన్న ఇడ్లీ 50 కేలరీలు, చెంచా నూనెతో దోసె 150, పెసరట్టు 180. పెసరట్టులో ఎక్కువున్నా మాంసకృత్తులు దండిగా ఉంటాయి, ఒకటి తింటే ఒంటిగంట దాకా ఆకలి గుర్తురాదు. ఈ మూడింట్లో నా ఓటు దానికే, లోపల ఉప్మా లేకుండా.

కానీ అసలు బరువు పక్క గిన్నెలో ఉంటుంది. నలుగురికి పల్లీ చట్నీ కోసం ఒక కప్పు పల్లీలు వేయిస్తాం. అవి 140 గ్రాములు, దాదాపు 800 కేలరీలు. మనిషికి రెండొందలు, పోపు కాక. నాలుగు ఇడ్లీలు తిన్నవాళ్లు ఇంకో నాలుగు ఇడ్లీలకి సమానమైన చట్నీ తింటున్నారు. మా ఇంట్లో ఇప్పుడు మూడో వంతు పల్లీలు, మిగతాది పుట్నాల పప్పు, దానికి వేయించిన టమాటా. ఇంకా తేలిక కావాలంటే బీరకాయ తొక్కు పచ్చడి. అల్లం పచ్చడిలో బెల్లం ఎంత పడుతుందో గమనించండి. సాంబారు, పలచటి పప్పుచారు అయితే కొలవక్కర్లేదు.

ఓట్స్ ఉప్మా చేసుకుంటున్నవాళ్లకి ఒక మాట. వంద గ్రాముల ఓట్స్ 380 పైన, రవ్వ 350 లోపు. ఓట్స్ ఇష్టమైతే తినండి, పీచు ఎక్కువ కాబట్టి మంచిదే. తక్కువ కేలరీలని మాత్రం అనుకోకండి. గోధుమరవ్వలో రవ్వకి రెండింతలు క్యారెట్, బీన్స్, బఠాణీ వేసి, దించాక చెంచా నెయ్యి వేస్తే ఉప్మాలాగే ఉంటుంది, కంచం నిండుగానూ ఉంటుంది.

పెరుగు: రోజూ తినేది, నిశ్శబ్దంగా మార్చదగ్గది

ప్యాకెట్ మీద కొవ్వు శాతం చూడండి. ఫుల్ క్రీమ్ 6, టోన్డ్ 3, డబుల్ టోన్డ్ 1.5. రెండొందల గ్రాముల పెరుగుకి ఫుల్ క్రీమ్‌తో 175 దాకా, టోన్డ్‌తో 115 నుంచి 120, డబుల్ టోన్డ్‌తో 95. టోన్డ్‌కి మారితే రోజుకి 60 తగ్గుతుంది. చిన్నదిగా కనిపిస్తుంది గానీ నెలకి 1800. కిలో ఒంటి కొవ్వుకి సుమారు 7700 కేలరీలు అనే లెక్కన పావు కిలోకి దగ్గర.

టోన్డ్ పాల పెరుగు నీళ్లగా ఉంటుందని చాలామంది వెనక్కి వెళ్తారు. పాలు పొంగాక సన్నమంట మీద పది నిమిషాలు మరగనిచ్చి, వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేస్తే గడ్డగా తోడుకుంటుంది. ఇంకా చిక్కగా కావాలంటే పలచటి గుడ్డలో అరగంట వేలాడదీయండి, కిందకి దిగిన నీళ్లు చారులో పోసేయండి. డబుల్ టోన్డ్ మజ్జిగకి బావుంటుంది, పెరుగన్నానికి నాకు నచ్చలేదు. ఫుల్ క్రీమ్ పాల మీద మీగడ తీసేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది, ఆ మీగడ వెన్నై, నెయ్యై మళ్లీ మీ కంచంలోకే రాకపోతే. అమెరికాలో ఉన్న మా చెల్లెలు రెండు శాతం పాలతోనే తోడేస్తుంది, గ్రీక్ యోగర్ట్ చెంచాడు తోడుగా వేస్తే చిక్కగా వస్తోందట.

దద్దోజనంలో పెరుగు పాళ్లు పెంచి అన్నం తగ్గించండి. జీడిపప్పు బదులు దానిమ్మ గింజలు, కీరా తురుము. ఇంగువ పోపు మాత్రం తగ్గించకండి, ఒక చెంచా నూనెలోనే దాని వాసనంతా వస్తుంది.

కోడికూర, చేపల పులుసు, బిర్యానీ

అర కిలో కోడికూరకి నాలుగు పెద్ద చెంచాల నూనె, యాభై గ్రాముల ఎండుకొబ్బరి, గుప్పెడు జీడిపప్పు. కోడి కన్నా ఈ నూనె, మసాలాలోనే కేలరీలు ఎక్కువ. నూనె ఒకటిన్నర చెంచాకి దించాను. ఉల్లిపాయలు అడుగంటుతున్నప్పుడల్లా నూనెకి బదులు రెండు చెంచాల నీళ్లు చల్లి గీకితే అవే ఎర్రబడతాయి, ఓపికగా ఇరవై నిమిషాలు పడుతుంది. చిక్కదనానికి పెరుగు, పుట్నాల పొడి. కొబ్బరి పూర్తిగా తీస్తే గుంటూరు కూర రుచి పోతుంది, ఒక చెంచాడు వేయించి పొడి చేసి చివర్లో చల్లుతాను. చేపల పులుసుకి ఈ బాధ లేదు. చింతపండు, కారం, మెంతులే దాన్ని నడిపిస్తాయి, నూనె సగం చేసినా మర్నాటికి అంతే బావుంటుంది. వారంలో ఒకరోజు చికెన్ వేపుడు బదులు చేపల పులుసు పెట్టుకుంటే ఏమీ వదులుకున్నట్టుండదు.

బిర్యానీని తేలిక చేయాలని చూడకండి. దంపుడు బియ్యంతో చేశాను, కొర్రలతో చేశాను. తిన్నాక బిర్యానీ తినాలన్న కోరిక అలాగే ఉంది. నెలకోసారి సరిగ్గా చేసుకుని, ముందు ముక్కలు వడ్డించుకుని, తర్వాత ఒక కప్పు అన్నం, పక్కన పెరుగు చట్నీ, ఉల్లి, నిమ్మ. కూల్ డ్రింక్ వద్దు. మూడొందల మిల్లీలీటర్ల సీసాలో 125 కేలరీల దాకా ఉంటాయి, కడుపు నిండదు.

టీ, తీపి

రోజుకి మూడు టీలు, కప్పుకి రెండు చెంచాల చక్కెర అయితే రోజుకి 120, వారానికి 840. ఆదివారం రెండు బజ్జీల కన్నా ఇది చాలా ఎక్కువ. పదిహేను రోజులకి అర చెంచా చొప్పున తగ్గిస్తూ వచ్చాను, రెండు నెలలకి చక్కెర లేని టీ అలవాటైంది. ఒక్కసారిగా మానినప్పుడు రెండుసార్లు వెనక్కి వెళ్లాను. బదులుగా తీపి మాత్రలు వాడదామంటే, బరువు తగ్గడానికి వాటి మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.

బెల్లం, చక్కెర, తాటిబెల్లం, ఏదైనా వంద గ్రాములకి 400కి అటూ ఇటూ. చక్కెర తీసి బెల్లం వేసిన పరమాన్నం రుచి కోసం చేసుకోండి, బరువు కోసం వద్దు. టోన్డ్ పాలతో సేమియా పాయసం చక్కగా వస్తుంది, పాలు మరిగిస్తే చిక్కబడుతుంది కాబట్టి. రవ్వకేసరిలో నెయ్యి తగ్గిస్తే పొడిపొడిగా గొంతులో పడుతుంది, మార్చకండి, చిన్న గిన్నెలో పెట్టుకోండి.

అరిసెలు, బొబ్బట్లు నేను ముట్టుకోలేదు, వాటి కొలతలు మా అమ్మ కొలతలే. ఉగాదికి ఒక్క బొబ్బట్టు, పెనం మీంచి దించిన వెంటనే, పైన చెంచాడు నెయ్యితో. రెండోది కావాలనిపిస్తే నేనూ మావారూ చెరి సగం.